అక్వేరియం ఫొటోలకు కెమెరా ఎంచుకోవడం: లెక్క తొట్టి నుంచి మొదలుపెట్టండి

కెమెరా షాపులో అడుగుపెట్టగానే వినిపించే ప్రశ్న, "బడ్జెట్ ఎంత సార్?" ఇంట్లో ఫిష్ ట్యాంక్ ఫొటోలు తీయడానికి కొనేవాళ్లకు అది ఆఖర్న రావాల్సిన ప్రశ్న. మీ చేప పొడవెంత, తొట్టి ముందు అద్దం నుంచి వెనక అద్దానికి దూరమెంత, పైనున్న లైటు బలమెంత అన్నవి ముందు తెలియాలి. ఆ మూడూ తెలిస్తే లెన్స్ తేలిపోతుంది. లెన్స్ తేలితే బాడీ (లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరా) ఎంపిక సగం అయిపోయినట్టే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. డబ్బంతా బాడీ మీద పెట్టి, దానితో వచ్చిన కిట్ లెన్స్‌తో నియాన్ టెట్రాలను తీయబోతారు. తీరా చూస్తే ఆకుపచ్చ మసకలో ఒక నీలం గీత తప్ప ఏమీ కనిపించదు.

అందుకే ఈ వరుసలో బాడీ చివర్లో వస్తుంది.

మొదటి అడుగు: చేపను కొలవండి

స్కేలు తీసుకుని అద్దం బయటినుంచే ఉజ్జాయింపుగా కొలిస్తే చాలు. నియాన్ టెట్రా 3 సెం.మీ., మగ గప్పీ తోకతో కలిపి దాదాపు అంతే లేదా కాస్త ఎక్కువ, ఫైటర్ చేప రెక్కలతో కలిపి 6-7 సెం.మీ., పెరిగిన ఫ్లవర్ హార్న్ 20 సెం.మీ. పైనే ఉంటుంది. చెర్రీ రొయ్య 2 సెం.మీ. చుట్టూ కొంత ఖాళీ ఉంటేనే ఫొటోలో చేప అందంగా కనిపిస్తుంది కాబట్టి చేప పొడవును ఒకటిన్నరతో హెచ్చవేయండి. నియాన్ టెట్రాకు 45 మి.మీ. వస్తుంది. మీ ఫ్రేము వెడల్పు అది.

ఇప్పుడు సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) వెడల్పును ఆ అంకెతో భాగించండి. ఇక్కడ మనకు పనికొచ్చే సెన్సర్ సైజులు మూడు. ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మి.మీ. (కెనాన్‌లో 22.3). ఫుల్ ఫ్రేమ్‌ది 36 మి.మీ., మైక్రో ఫోర్ థర్డ్స్‌ది 17.3 మి.మీ. నియాన్ టెట్రాను ఏపీఎస్-సీ మీద నింపాలంటే 23.5ను 45తో భాగించగా సుమారు 0.5 వస్తుంది. అంటే చేప అసలు సైజులో సగం సైజు బొమ్మ సెన్సర్ మీద పడాలి. లెన్స్ వివరాల్లో 'మ్యాగ్జిమమ్ మ్యాగ్నిఫికేషన్' అని రాసేది ఈ అంకెనే. ఇదే చేపకు ఫుల్ ఫ్రేమ్ మీద 0.8, మైక్రో ఫోర్ థర్డ్స్ మీద 0.38 కావాలి.

ఈ లెక్క వేసినవాళ్లు ఒక్కోసారి ఆశ్చర్యపోతారు. కెనాన్ ఈఎఫ్-ఎస్ 18-55 ఎఫ్/3.5-5.6 ఎస్‌టీఎం కిట్ లెన్స్ 0.36 దాకా, నికాన్ ఏఎఫ్-పీ 18-55 లెన్స్ 0.38 దాకా వెళ్తాయి. 0.36 అంటే దాదాపు 62 మి.మీ. వెడల్పున్న ఫ్రేము. ఫైటర్, గోల్డ్ ఫిష్, ఏంజెల్, ఫ్లవర్ హార్న్ పెంచేవాళ్లకు మాక్రో లెన్స్ (చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా తీసేది) అవసరమే లేదు. ఆ డబ్బు ఫ్లాష్ మీద పెడితే మేలు. అదే సోనీ 16-50 పవర్ జూమ్ కిట్ లెన్స్ అయితే 0.21 దగ్గరే ఆగిపోతుంది. కిట్ లెన్స్ అన్న పేరు ఒకటే కదా అని అన్నీ ఒకటే అనుకోకూడదు.

గప్పీలు, టెట్రాలు, రాస్బోరాలు, రొయ్యలు, చేప పిల్లలు మీ తొట్టిలో ఉంటే మాత్రం మాక్రో తప్పదు. చేప కంటినో, గుడ్లలోంచి అప్పుడే బయటపడ్డ పిల్లనో తీయాలంటే 1.0 దాకా వెళ్లే అసలైన మాక్రో కావాలి.

రెండో అడుగు: వెలుగును ఫోన్‌తో కొలవండి

దీనికి పైసా ఖర్చు లేదు. అయినా చేసేవాళ్లు తక్కువ.

తొట్టి లైటు మన కంటికి ధగధగలాడుతుంది గానీ కెమెరాకు అది సాయంత్రపు వరండా వెలుగులాంటిది. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ తెరవండి (లేకపోతే మాన్యువల్ నియంత్రణ ఇచ్చే యాప్ ఒకటి వేసుకోండి). షట్టర్ (సెన్సర్ మీద వెలుగు పడే సమయం) సెకనులో 1/200 వంతు దగ్గర పెట్టండి. ఈదే చిన్న చేప కదలిక ఆగాలంటే దాదాపు ఆ వేగం కావాలి. గదిలో లైట్లు ఆర్పి, తొట్టి మధ్యలో ఈదుతున్న చేప సరైన వెలుగులో కనిపించేదాకా ఐఎస్ఓ (పెంచితే బొమ్మ వెలుగవుతుంది, గింజలూ పెరుగుతాయి) మార్చండి. ఆ అంకె రాసిపెట్టుకోండి.

ఈ మధ్య వచ్చే చాలా ఫోన్లలో ప్రధాన కెమెరా అపెర్చర్ (వెలుగు వచ్చే కంత; ఎఫ్ అంకె పెరిగితే కంత చిన్నదవుతుంది) ఎఫ్/1.8కి దగ్గరగా ఉంటుంది. కెమెరా లెన్స్‌ను ఎఫ్/4 దగ్గర వాడితే ఫోన్ అంకెకు సుమారు 5 రెట్లు, ఎఫ్/5.6 దగ్గర 10 రెట్లు, ఎఫ్/8 దగ్గర 20 రెట్లు ఐఎస్ఓ కావాలి. ఫోన్‌లో 400 వచ్చిందనుకుందాం. ఎఫ్/4కి 2000, ఎఫ్/5.6కి 4000, ఎఫ్/8కి 8000. ఇంకొకటుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ సెన్సర్‌ను చేరే వెలుగు తగ్గుతుంది. 0.5 దగ్గర రెట్టింపుకు కొంచెం ఎక్కువ, 1.0 దగ్గర దాదాపు నాలుగు రెట్లు ఐఎస్ఓ అదనం. కాబట్టి పై అంకెల్ని చిన్న చేపలకు ఇంకా పెంచి చదువుకోవాలి.

ఏపీఎస్-సీ కెమెరాల్లో 3200 దాకా నిశ్చింతగా, 6400 దాకా కాస్త సర్దుకుని వాడుకోవచ్చన్నది నా అంచనా. మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే ఆ రెండింటిలో సగం. మీ లెక్క ఈ గీత దాటిపోయిందంటే ఇంకా ఖరీదైన బాడీ కోసం వెతక్కండి. తొట్టి పైకి వెలుగు తేవాలి.

సెన్సర్ సంగతి: ఫుల్ ఫ్రేమ్ ఎందుకు వద్దంటున్నాను

"తక్కువ వెలుగు కదా, ఫుల్ ఫ్రేమ్ తీసుకో" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. పెళ్లి ఫొటోలకు ఆ మాట సరిపోతుంది. చిన్న చేపల దగ్గర కుదరదు. ఎందుకంటే ఇక్కడ చిక్కు వెలుగుతోనే అయిపోదు, ఎంత మందంలో బొమ్మ స్పష్టంగా వస్తుందన్నది కూడా చూడాలి.

45 మి.మీ. ఫ్రేములో, ఎఫ్/8 దగ్గర, ఏపీఎస్-సీ కెమెరాకు స్పష్టంగా వచ్చే మందం 2 మి.మీ. కన్నా కొంచెం తక్కువ. ఫుల్ ఫ్రేమ్‌కు అదే ఫ్రేములో అదే అపెర్చర్‌కు ఒకటిన్నర మి.మీ. కూడా రాదు. మైక్రో ఫోర్ థర్డ్స్‌కు రెండు దాటుతుంది. చేప కన్ను ఫోకస్‌లో ఉంటే ముందు రెక్క మసక. ఫుల్ ఫ్రేమ్‌లో అంతే మందం కావాలంటే అపెర్చర్ ఇంకా మూయాలి, మూస్తే ఐఎస్ఓ పెంచాలి, దాంతో పెద్ద సెన్సర్ ఇచ్చిన లాభం కాస్తా అక్కడే కరిగిపోతుంది. ఇంట్లో ఇప్పటికే ఫుల్ ఫ్రేమ్ ఉంటే హాయిగా వాడుకోండి. అక్వేరియం కోసమే కొనేవాళ్లకు ఏపీఎస్-సీ సరైన చోటు. రొయ్యల మీదే మోజైతే మైక్రో ఫోర్ థర్డ్స్‌నూ తీసిపారేయొద్దు. ఒలింపస్ 60 మి.మీ. ఎఫ్/2.8 మాక్రో అరచేతిలో ఇమిడిపోయే లెన్స్.

ఫోన్‌తోనే సరిపెట్టుకోవచ్చా? చేపలు అమ్మేవాళ్లకు, వాట్సాప్ స్టేటస్‌కు, వీడియోలకు సరిపోతుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి. చాలా ఫోన్లలో 'మాక్రో' అనేది అల్ట్రావైడ్ కెమెరాతో రెండు మూడు సెంటీమీటర్ల దూరం నుంచి తీసేది. అద్దానికి అతుక్కుని ఉన్న ప్లెకో చేపకు తప్ప అది పనికిరాదు. రెండు మూడు రెట్ల టెలిఫొటో కెమెరా ఉన్న ఫోన్ అయితే దానితో కాస్త వెనక్కి జరిగి తీయడమే నయం.

మూడో అడుగు: లెన్స్‌కూ అద్దానికీ మధ్య దూరం

మాక్రో లెన్స్ కొనేటప్పుడు మోసపోయేది ఇక్కడే. లెన్స్ వివరాల్లో రాసే కనీస ఫోకస్ దూరం సెన్సర్ నుంచి కొలిచినది, లెన్స్ కొస నుంచి కాదు. నికాన్ డీఎక్స్ 40 మి.మీ. మాక్రోకు (ఆ మి.మీ. అంకె ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ దూరం నుంచి తీయవచ్చు) అది 16.3 సెం.మీ. అని ఉంటుంది. అందులోంచి కెమెరా మందం, లెన్స్ పొడవు తీసేస్తే చేపకూ లెన్స్ కొసకూ మధ్య మిగిలేది నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. సోనీ 30 మి.మీ. మాక్రోకైతే ఇంకా తక్కువ. చేప అద్దం దగ్గరికి వచ్చేదాకా కాపు కాయాల్సిందే.

నీరు మనకు కాస్త సాయం చేస్తుంది. నీటి వక్రీభవన గుణకం 1.33 కాబట్టి అద్దం వెనక 12 సెం.మీ. లోతులో ఉన్న చేప లెన్స్‌కు 9 సెం.మీ. దూరంలో ఉన్నట్టే కనిపిస్తుంది. అయినా 30-40 మి.మీ. మాక్రోలకు ఆ సాయం చాలదు.

రెండడుగుల తొట్టికి, అంటే ముందునుంచి వెనక్కి 30 సెం.మీ. ఉన్నదానికి, ఏపీఎస్-సీ మీద 60 మి.మీ. మాక్రో చక్కగా కుదురుతుంది. కెనాన్ ఈఎఫ్-ఎస్ 60 మి.మీ. ఎఫ్/2.8 పాతదే అయినా ఈ పనికి ఇప్పటికీ గట్టిది. లెన్స్ కొస నుంచి దాదాపు 9 సెం.మీ. ఇస్తుంది. తొట్టి 45 సెం.మీ. లోతున్నా, చేపలు బెదురు రకమైనా 90-105 మి.మీ. వైపు వెళ్లండి. టామ్రాన్ 90, కెనాన్ 100 పాత రకాలు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంటాయి. వీటితో ఇబ్బందల్లా పూర్తి తొట్టి ఫొటోకు గదిలో గోడదాకా వెనక్కి వెళ్లినా చాలకపోవడం.

నికాన్ డి3500, డి5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. లోపల మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్స్ చవగ్గా దొరికిందని వీటికోసం కొంటే ఆటోఫోకస్ పనిచేయదు. లెన్స్ పేరులో ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పీ గానీ ఉందో లేదో చూసుకోండి.

అప్పుడే మాక్రో కొనలేకపోతే, కాంటాక్ట్ పిన్నులున్న ఎక్స్‌టెన్షన్ ట్యూబును (బాడీకీ లెన్స్‌కూ మధ్య బిగించే గొట్టం) 50 మి.మీ. లెన్స్‌కు తగిలించి కొన్నాళ్లు నడిపించవచ్చు. పిన్నులు లేని చౌక ట్యూబుతో అపెర్చర్ మార్చడం కుదరదు, దాని జోలికి పోవద్దు.

నాలుగో అడుగు: ఫ్లాష్‌ను బాడీకన్నా ముందు లెక్కలో వేయండి

చేపల ఫొటోను నిజంగా మార్చేది తొట్టి పైనుంచి కిందికి వెలిగే ఫ్లాష్. కెమెరా మీద బిగించిన ఫ్లాష్ ముందు అద్దానికి తగిలి తిరిగి లెన్స్‌లోకే వస్తుంది. పైనుంచి పడే వెలుగుకు ఆ బెడద లేదు. నదిలో ఎండ పడ్డట్టు చేప వీపు మీదుగా జారి పొలుసుల మెరుపును చూపిస్తుంది. ఇలా తీసేటప్పుడు ఐఎస్ఓ 200, ఎఫ్/8 నుంచి ఎఫ్/11, షట్టర్ 1/160 దగ్గర మొదలుపెట్టవచ్చు. 1/16 పవర్‌లో ఫ్లాష్ వెలుగు సెకనులో కొన్ని వేల వంతు మాత్రమే ఉంటుంది కాబట్టి దూసుకుపోయే డానియో కూడా నిలబెట్టినట్టు వస్తుంది. ఆ సెట్టింగుల్లో పదేళ్ల కిందటి బాడీకీ ఇవాళ్టి బాడీకీ తేడా వెతికి పట్టుకోవడం కష్టం.

గోడాక్స్ టీటీ600 లాంటి మాన్యువల్ ఫ్లాష్, ఒక రేడియో ట్రిగ్గర్ (కెమెరా నొక్కగానే దూరంగా ఉన్న ఫ్లాష్‌ను వెలిగించేది) ఉంటే చాలు. టీటీఎల్ (ఫ్లాష్ బలాన్ని కెమెరాయే లెక్కేసే పద్ధతి) అవసరం లేదు, తొట్టి దూరం మారదు కదా. తొట్టి మీద మందపాటి అద్దం మూత పెట్టి దానిపైన ఫ్లాష్ తలకిందులుగా ఆనించండి. జారి పడకుండా తాడుతో కట్టండి. ఫ్లాష్ లోపలి కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు నిల్వ ఉంటాయి. తడి చేత్తో ముట్టుకోకూడదు, మూత లేని నీటిమీద వేలాడదీయకూడదు. తొట్టి లైటు వెలుగుతూనే ఉండనివ్వండి. చీకటి తొట్టిలో హఠాత్తుగా మెరిస్తే చేపలు బెదిరి అద్దాలకు కొట్టుకుంటాయి.

ఇక ఈ ఫ్లాష్ వల్లే బాడీ ఎంపికలో రెండు గోతులున్నాయి. కెనాన్ 1500డి, 3000డి, 200డి మార్క్ 2 బాడీల్లో హాట్ షూ (కెమెరా పైన ఫ్లాష్, ట్రిగ్గర్ బిగించే గాడి) మధ్యలో ఉండాల్సిన పిన్నును తీసేశారు. ఆ ఒక్క పిన్ను మీద ఆధారపడే చౌక ట్రిగ్గర్లు వాటి మీద వెలగవు. ఆ మోడళ్లకు పనిచేస్తుందని స్పష్టంగా రాసి ఉన్న కెనాన్ ట్రిగ్గరే కొనాలి. రెండోది సోనీ జెడ్‌వీ-ఈ10 మార్క్ 2. వీడియోకు బాగుంటుంది గానీ దానిలో మెకానికల్ షట్టర్ (సెన్సర్ ముందు తెరలా కదిలేది) లేదు, ఫ్లాష్‌తో పనిచేయదు. మొదటి జెడ్‌వీ-ఈ10కు ఈ సమస్య లేదు. పేర్లు దాదాపు ఒకటే కాబట్టి డబ్బాను తిప్పి చూడకుండా కొనొద్దు.

ఐదో అడుగు: ఇప్పుడు బాడీ

రా ఫైలు (సెన్సర్ పట్టిన అసలు డేటా), పూర్తి మాన్యువల్ మోడ్, హాట్ షూ, మెకానికల్ షట్టర్. ఈ నాలుగూ ఉంటే అక్వేరియానికి కావాల్సినది ఉన్నట్టే. తొట్టి స్టాండు నడుమెత్తులో ఉంటుంది కాబట్టి వంగే స్క్రీన్ ఉంటే మోకాళ్లకు సుఖం.

మెకానికల్ షట్టర్ ఫ్లాష్ కోసమే కాదు. చాలా ఎల్ఈడీ లైట్లు, ముఖ్యంగా డిమ్మర్ ఉన్నవి, కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే బొమ్మ మీద అడ్డంగా నల్లచారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వీడియోకు 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెడితే నాసిరకం లైట్ల కింద కూడా మిణుకు చాలావరకు తగ్గుతుంది. డిమ్మర్ ఉంటే లైటును నూరు శాతం మీద పెట్టి తీయండి.

ఆటోఫోకస్ గురించి ప్రకటనల్లో చెప్పే జంతువుల కంటి గుర్తింపు కుక్కలు, పిల్లులు, పక్షుల కోసం చేసినది. చేపల మీద ఒక్కోసారి పనిచేస్తుంది, నమ్ముకోవడానికి లేదు. నేనైతే సింగిల్ పాయింట్ పెట్టి, లేదా ఫోకస్‌ను ఒకచోట బిగించేసి, చేప ఆ చోటికి వచ్చినప్పుడు నొక్కుతాను. డబ్బు ఖర్చు కాని పద్ధతి కదా!

మెగాపిక్సెళ్లు 24 ఉంటే గోడకు పెద్ద ప్రింటు వేసుకోవచ్చు, 16 ఉన్నా బాధలేదు. బాడీలో స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది గానీ చేపను ఆపదు. దానికోసం అదనంగా పెట్టొద్దు. అద్దం మీద ప్రతిబింబాలు పోతాయని పోలరైజర్ ఫిల్టరు అంటగడతారు. అది బాగా పనిచేసేది అద్దాన్ని ఏటవాలుగా చూసినప్పుడు. మనం అద్దానికి సూటిగా నిలబడే తీయాలి, ఎందుకంటే ఏటవాలుగా తీస్తే నీరు, అద్దం వెలుగును విరిచి చేప అంచుల్లో రంగుల పొగ పుట్టిస్తాయి. సూటిగా చూసినప్పుడు పోలరైజర్ చేసేది ఏమీ లేదు, పైగా ఉన్న వెలుగులో సగానికి పైగా తినేస్తుంది. ఆ డబ్బుతో మెత్తటి రబ్బరు లెన్స్ హుడ్ కొనుక్కుని అద్దానికి ఆనించండి.

సముద్రపు తొట్టి ఉన్నవాళ్లకు

పగడాల మీద వేసే నీలి ఎల్ఈడీల కింద కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును సరిచేసే అమరిక) చేతులెత్తేస్తుంది. చాలా బాడీల్లో కెల్విన్ (వెలుగు రంగు కొలత) అంకె 10000 దగ్గర ఆగిపోతుంది, మీ లైటు రంగు ఆ పైన ఉంటుంది. బాడీ కొనేముందు ఈ హద్దు ఎంతో చూడండి. ఎంతున్నా లెన్స్ ముందు నారింజ రంగు ఫిల్టరు పెట్టడమే నమ్మకమైన దారి. అది లేకుండా నీలం చానెల్ నిండిపోయి పొర్లితే, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ ఆ వివరాలు తిరిగి తేలేదు.

పూర్తి తొట్టి ఫొటో కావాలంటే

మొక్కల తొట్టి పెంచేవాళ్లకు చేపకన్నా ఇదే ముఖ్యం. జపాన్‌లో తకాషి అమానో స్థాపించిన సంస్థ ఏడీఏ (ఆక్వా డిజైన్ అమానో) 2001 నుంచి నడుపుతున్న అంతర్జాతీయ ఆక్వాస్కేపింగ్ (తొట్టిలో మొక్కలు, రాళ్లతో దృశ్యం అమర్చే కళ) పోటీలో జడ్జీలు తొట్టిని నేరుగా చూడరు, పంపిన ఫొటోనే చూస్తారు. అమానో స్వయంగా పెద్ద ఫార్మాట్ కెమెరాలతో పనిచేసిన ఫొటోగ్రాఫర్.

దీనికి మాక్రో అక్కర్లేదు, గదిలో చోటు కావాలి. ఏపీఎస్-సీ మీద 35 మి.మీ.తో రెండడుగుల తొట్టికి దాదాపు ఒక మీటరు, నాలుగడుగుల తొట్టికి రెండు మీటర్ల పైచిలుకు వెనక్కి జరగాలి. 50 మి.మీ. అయితే చిన్న తొట్టికే ఒకటిన్నర మీటరు. సోఫా జరిపి టేపుతో కొలవండి. చోటు లేదని వైడ్ యాంగిల్‌తో దగ్గర నుంచి తీస్తే పక్క అద్దాలు లోపలికి వంగి తొట్టి గరాటులా కనిపిస్తుంది. కిట్ లెన్స్ ఎఫ్/8 దగ్గర, ట్రైపాడ్ మీద, ఈ పనికి భేషుగ్గా ఉంటుంది.

కొనేటప్పుడు

పెద్ద ఊళ్లలో లెన్సులు అద్దెకిస్తారు. ఒక శని, ఆదివారాలు మాక్రో లెన్స్ అద్దెకు తెచ్చుకుని మీ తొట్టి దగ్గరే చూస్తే పైన వేసిన లెక్కలన్నీ కళ్లముందు తేలిపోతాయి. సెకండ్ హ్యాండ్ కొంటే లెన్స్‌ను ఫోన్ టార్చికి అడ్డంపెట్టి వెనకనుంచి చూడండి. సాలెగూడులాంటి తెల్ల దారాలు కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ల లెన్సులు మరింత జాగ్రత్తగా చూడాలి. కొన్నాక మీరూ కెమెరాను తొట్టి పక్క అల్మారాలో పెట్టకండి. మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి వేరే గదిలో ఉంచండి.

మొదటి సాయంత్రం

ముందురోజే లోపలి అద్దం పాచి గీకెయ్యండి. మ్యాగ్నెట్ క్లీనరు కింద ఇసుక రేణువు చిక్కుకుంటే అద్దం మీద గీత పడుతుంది, అడుగు దగ్గర నిదానంగా. బోరు నీళ్ల తెల్ల మరకలు బయటి అద్దం మీదుంటే, వెనిగర్ తడిపిన గుడ్డ బాగా పిండి తుడవండి. చుక్క కూడా లోపల పడకూడదు. ఫొటో వేళకు గది లైట్లు, టీవీ ఆర్పండి, నల్ల చొక్కా వేసుకోండి. ఎయిర్ పంపు, ఫిల్టరు పావుగంట ఆపితే బుడగలు, తేలే చెత్త సర్దుకుంటాయి. తిరిగి వేయడం మర్చిపోకుండా ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

తీసిన వాటిని కంప్యూటర్‌లో నూరు శాతం పెద్దవి చేసి చూడండి. చేప కన్ను సాగినట్టుంటే షట్టర్ వేగం చాలలేదు. చేప మసకై వెనక మొక్క స్పష్టంగా ఉంటే ఫోకస్ పాయింటు జారింది. చేప అంచుల్లో ఊదా, పచ్చ గీతలుంటే మీరు అద్దానికి ఏటవాలుగా నిలబడ్డారు. చేప వీపు తెల్లగా కాలిపోయి పొట్ట నల్లగా ఉంటే ఫ్లాష్ పవర్ ఒక మెట్టు తగ్గించి, దాని ముందు పల్చటి తెల్ల కాగితం అడ్డుపెట్టండి, అప్పటికీ పొట్ట నల్లగానే ఉంటే అడుగున లేత రంగు ఇసుక వేసి చూడండి. ఇవేవీ కాకుండా బొమ్మంతా గింజలు గింజలుగా ఉంటేనే సమస్య బాడీది. ఇంత దూరం లెక్క వేసి వచ్చినవాళ్లకు అది రావడం అరుదు.